ఇంటి మీద జెండా

కిన్‌లారిగ్ హౌస్
4 ఆగస్టు 1958

నాన్నగారికి,

ఈ ఉదయం మన కప్పు మీది జెండా కొయ్య కొనన ఒక కాకి కూర్చుని ఉంది. ఎఫీ వంటింటి కిటికీలోంచి చూసి, "ఖాళీ కుర్చీ అనుకుంది కాబోలు, దొంగముండ" అంది. నేను వాకిట్లోకి వెళ్ళి చప్పట్లు కొట్టాను. అది కదల్లేదు. మీరు ఎడిన్‌బరో వెళ్ళిన దగ్గర్నుంచి కొయ్య బోడిగానే ఉంది. దానికి ఆ చోటు అలవాటైపోయింది.

మీ కడుపు నొప్పి ఎలా ఉంది? కోత ఎప్పుడో డాక్టర్లు చెప్పారా? ఇక్కడ అందరూ అడుగుతున్నారు. అడగనివాళ్ళు కప్పు వంక చూస్తున్నారు. మన లోయలో పొద్దున్నే తలుపు తీసి మొదట వాన చూస్తారు, తర్వాత మన కప్పు చూస్తారు. జెండా ఉంటే తెగ పెద్ద మాక్‌టోరిన్ ఇంట్లో ఉన్నట్టు, లేకపోతే ఊళ్ళో లేనట్టు. నిన్న టోర్కిల్ తన బ్యాగ్‌పైపు వాద్యం తోలు సంచికి నూనె పట్టిస్తూ, "కొయ్య బోడిగా ఉంటే నా బుర్ర బోడిగా ఉన్నట్టుందమ్మాయిగారూ" అన్నాడు. ఆయన బుర్ర నిజంగానే బోడి. నవ్వాలో వద్దో తెలియలేదు.

పదిహేనో తారీకున మేరీమాత పండగ. తెగ సభ ఎప్పటిలాగే మన వాకిట్లో. లూడో అన్నయ్య ఉత్తరం రాశాడు, మీ బదులు తను నిలబడి జనాన్ని పలకరిస్తానని. డాఫ్నీ వదిన లండన్ నుంచి స్నేహితుల్ని తీసుకొస్తోందట. వాళ్ళు ఫోటోలు తీసుకుంటారు కాబట్టి ఆ రోజు జెండా ఎగరేస్తే బాగుంటుందని ఆవిడ కోరిక. మీరు ఇంట్లో లేనప్పుడు ఎగరేయకూడదని జవాబు రాశాను. మళ్ళీ చింపేశాను. మీరు చెప్తే బాగుంటుంది.

మీ తర్వాత తెగ పెద్దరికం ఎవరికన్నది ఈ నెల్లోనే లాయరు చేత రాయించి పెడతారని పోస్టాఫీసులో పనిచేసే ఎఫీ వాళ్ళ చెల్లెలు అక్కడ విన్నదట. నేను మిమ్మల్ని ఏమీ అడగడం లేదు.

మీ
ఊనా


ఎడిన్‌బరో
8 ఆగస్టు

ఊనా తల్లీ,

ఇక్కడి నర్సు నన్ను "లార్డ్ కిన్‌లారిగ్, లార్డ్ కిన్‌లారిగ్" అంటూ చంటిపిల్లాణ్ణి బుజ్జగించినట్టు బుజ్జగిస్తోంది. నిన్న చెప్పాను: "అమ్మా, ఆ పేరు లండన్‌వాళ్ళ కోసం. ఇంటి దగ్గర నేను ఉత్త మాక్‌టోరిన్‌ని." ఆవిడ, "సరే మిస్టర్ మాక్‌టోరిన్, గంజి తాగండి" అంది. మిస్టరట! ఇరవై తరాల పెద్దరికం గంజిలో కలిసింది. గంజిలో ఉప్పు కూడా లేదు, చక్కెర వేస్తున్నారు.

సభకి లూడోవిక్‌కి ఏం కావాలంటే అది ఇచ్చెయ్. మెట్ల కింది పెట్టె తాళం వాడికివ్వు. వాడు మంచివాడే. కాస్త గట్టిగా మాట్లాడతాడు, అంతే. సభలో గట్టిగా మాట్లాడేవాడే కావాలి.

నువ్వు అడగనన్నావు కాబట్టి నేనే చెప్తాను. ప్రభువు బిరుదు మగవాళ్ళకే పోతుంది. నేను కన్నుమూయగానే అది ఎగిరి వెళ్ళి మీ బాబాయి కొడుకు లూడోవిక్ నెత్తిన వాలుతుంది. దాన్ని ఆపడం నా వల్లా కాదు, రాణి వల్లా కాదు. పోతే పోనీ. లండన్‌లో ఆ ప్రభువుల సభలో ఇన్నేళ్ళు కూర్చుని రెండుసార్లు మాట్లాడాను. ఒకసారి గొర్రెల గురించి, ఒకసారి చేపల గురించి. గొర్రెలప్పుడు ఒక్కడు మేలుకుని ఉన్నాడు, వాడికి పంటి నొప్పి.

పెద్దరికం అలా కాదు. నేను ఎవరి పేరు రాస్తే వాళ్ళది. ఆడదానికి ఇవ్వకూడదని లేదు. మనలో ఒకావిడ చేసింది. కాకపోతే ఆవిడ మన వాకిట్లో నిలబడి కేకేస్తే సరస్సు అవతలి గొర్రెలు బెదిరేవట. నీకు పదిహేడేళ్ళప్పుడు గుమ్మం రాయి మీద నిలబడి జనానికి రెండు మాటలు చెప్పమంటే, సభంతా కాచుకుని ఉండగా నిన్ను పాలగదిలో వెతికి పట్టుకున్నాం. నిన్ను తప్పు పట్టడం లేదు తల్లీ. అది అందరి వల్లా అయ్యే పని కాదు. గుడిలో దేవుడికీ, ఆ రాయి మీద మాక్‌టోరిన్‌కీ తప్ప మనవాళ్ళు టోపీ తియ్యరు. పన్నుల అధికారికి తియ్యలేదు, యుద్ధంలో సైన్యాధిపతి వస్తే ఆయనకీ తియ్యలేదు. మా నాన్న పోయాక నాకు మొదటిసారి తీసిన రోజు నా మోకాళ్ళు కొట్టుకున్నాయి. కిల్టు కట్టుకుంటే మోకాళ్ళు దాచుకోవడం కుదరదు.

నీకు సన్యాసినివి కమ్మని దేవుడి పిలుపు ఉందని కాన్వెంట్ నుంచి మదర్ రాసింది. ఉంటే నేను అడ్డు రాను.

మీ నాన్న,
మాక్‌టోరిన్


కిన్‌లారిగ్ హౌస్
11 ఆగస్టు

నాన్నగారికి,

మీరు చెప్పినట్టే పెట్టె తాళం లూడో అన్నయ్యకిచ్చాను. వెండి గిన్నెలతో పాటు జెండా కూడా అందులోనే ఉంటుంది. మీ ఉద్దేశం అర్థమైంది.

నేను తాళం ఇస్తుంటే ఎఫీ చూసి నాతో మాట్లాడ్డం మానేసింది. రాత్రి భోజనంలో నాకు మాడిన రొట్టె వచ్చింది.

డాఫ్నీ వదిన జెండా విప్పి భోజనాల బల్ల మీద పరిచింది. "ఇంత అందమైన గుడ్డని పెట్టెలో పెట్టి చిమ్మెటలకి మేపుతారా ఊనా? మీవాళ్ళు భలే విడ్డూరం!" అంది. చిరిగిన అంచు చూసి సూదీ దారం అడిగింది. కుట్టు చక్కగా ఉంది. ఆ మాట రాయకపోతే అన్యాయం అవుతుంది.

అన్నయ్య అద్దం ముందు టోపీ పెట్టుకుని చూసుకున్నాడు. టోపీకి రెండే గద్ద ఈకలు. "మూడు పెద్దాయనకే కదా. చూశావా, నాకు గుర్తుంది" అని సంతోషపడ్డాడు. నాకు జాలేసింది. ఈకల సంగతి గుర్తుంచుకున్నవాడికి జెండా సంగతి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మీరు తాళం ఇమ్మన్నాక నేనేం చెప్పను?

కాన్వెంట్ సంగతి మీ ఇష్టం.

బాతులు ఎనిమిది పిల్లల్ని చేశాయి. మీరు వెళ్ళేటప్పుడు సగం చదివి పెట్టిన తేనెటీగల పుస్తకం నేను పూర్తిచేశాను. మీరు ఆపిన పేజీలో పెట్టిన గుర్తు కదల్చలేదు.

మీ
ఊనా


కిన్‌లారిగ్ హౌస్
16 ఆగస్టు

నాన్నగారికి,

మీకు ఈపాటికి టెలిగ్రాములు వచ్చి ఉంటాయి. దయచేసి కంగారు పడకండి. జరిగింది ఇదీ.

నిన్న తెల్లవారగానే కప్పు మీద జెండా ఎగిరింది. సన్నగా వాన. నేను ప్రార్థన చేసుకుంటున్నాను. గుడి గంట వినిపించింది. పండగ గంట అనుకున్నాను. కానీ అది ఆగి ఆగి మోగుతోంది. కిందికి వచ్చేసరికి ఎఫీ, చావు ఇంట్లో చేసినట్టు, హాల్లో గడియారం ఆపేసి, అద్దం మీద దుప్పటి కప్పుతోంది. ఏడుస్తోంది.

"ఏమైంది ఎఫీ?"

"పెద్దాయన పోయిన సంగతి ఇంకెవరూ చెప్పకపోతే మానె, కన్నకూతురివి నువ్వూ దాస్తావా తల్లీ?" అంది. "జెండా చూశాను. ఊరంతా చూసింది."

అప్పుడు అర్థమైంది. మీరు ఎడిన్‌బరోలో మంచం మీద ఉన్నారని అందరికీ తెలుసు. జెండా ఎగిరిందంటే మాక్‌టోరిన్ ఇంట్లో ఉన్నట్టు. ఇంట్లో ఉన్నది మీరు కాదు కాబట్టి కొత్త మాక్‌టోరిన్. కొత్తాయన వచ్చాడంటే పాతాయన లేడు. వాళ్ళ లెక్కలో తప్పేమీ లేదు.

టోర్కిల్ గేటు దగ్గర నిలబడి, మీ నాన్నగారు పోయినప్పుడు వాయించిన పాటే వాయిస్తున్నాడు. జనం రంగు బట్టలు మార్చుకుని నల్లవి కట్టుకుని వస్తున్నారు. ఫాదర్ కోల్ పండగ పూజ వదిలి చావు పూజకి వస్త్రాలు తీయించాడట. డాఫ్నీ వదిన స్నేహితులు మెట్ల మీద నిలబడి ఫోటోలు తీస్తున్నారు. "ఈ పాట ఎంత బాగుందో! దేని గురించి?" అని ఒకావిడ నన్ను అడిగింది.

భోజనాల వేళకి ముందే జెండా దిగింది. మీరు క్షేమమని జనానికి తెలిసింది. తర్వాత సభ జరిగింది. అన్నయ్య మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు, కానీ ఎవరూ వినే స్థితిలో లేరు.

మీకు కోపం వస్తుందని తెలుసు.

ఊనా


ఎడిన్‌బరో
19 ఆగస్టు

ఊనా,

నేను పోయిన సంగతి నాకు ఉడికించిన గుడ్డుతో పాటు పళ్ళెంలో పెట్టి తెచ్చారు. పదకొండు టెలిగ్రాములు. నర్సు తెల్లబోయి నిలబడింది. "చదువమ్మా, బతికుండగా వినే భాగ్యం ఎందరికి దక్కుతుంది?" అన్నాను. ఇన్వర్నెస్ గొర్రెల సంతవాళ్ళు నన్ను "ధర్మమూర్తి" అన్నారు. పోయినేడు వాళ్ళే నన్ను ముసలి నక్క అన్నారు. ఒకడు మీ అమ్మకి సానుభూతి పంపాడు. ఆవిడ పోయి పదేళ్ళు.

నవ్వినంతసేపు నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. నాకోసం టోర్కిల్ ఆ పాట వాయించాడు, నేను వినలేదు. మళ్ళీ వాయించినప్పుడూ వినను.

లూడోవిక్ రాశాడు. టోర్కిల్ తాగి కప్పెక్కి, అతిథులు చూస్తుండగా జెండా లాగేశాడనీ, అందరి ముందూ తన పరువు పోయిందనీ, వాణ్ణి ఆ గుడిసెలోంచి ఖాళీ చేయించాలనీ. నాకు తెలియాల్సింది ఒక్కటే. నేను లేనప్పుడు ఆ జెండా మీద చెయ్యి వేసిందెవరు? వాళ్ళని నా కప్పు కింద ఉండనివ్వను. ఎవరో రాయి.

లాయరు ఇరవై ఎనిమిది, గురువారం వస్తాడు. కోత శుక్రవారం. డాక్టరు "భయం లేదు" అని మూడుసార్లు అన్నాడు. ఒక్కసారి అంటే నమ్మేవాణ్ణి.

మాక్‌టోరిన్


కిన్‌లారిగ్ హౌస్
22 ఆగస్టు

నాన్నగారికి,

టోర్కిల్ జెండా దించలేదు. ఆయన గేటు దగ్గర బ్యాగ్‌పైపు వాయిస్తూనే ఉన్నాడు. రెండు చేతులూ నోరూ పనిలో ఉన్న మనిషి తాడు ఎలా లాగుతాడు? తాగనూ లేదు. పండగనాడు పూజ అయ్యేదాకా ఆయన మంచినీళ్ళు కూడా ముట్టడు. అది మీకూ తెలుసు.

అన్నయ్య నిన్న ఆయన గుడిసెకి వెళ్ళి ఖాళీ చేయమన్నాడు. టోర్కిల్ ఏమన్నాడో ఎఫీ చెప్పింది: "మా తాతలకి ఈ గుడిసె ఇచ్చింది మాక్‌టోరిన్. పొమ్మనాల్సిందీ ఆయనే. మీరు కూర్చోండి బాబూ, టీ తాగి వెళ్ళండి." అన్నయ్య టీ తాగి వచ్చాడట. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. టోర్కిల్ నిన్నట్నుంచి బ్యాగ్‌పైపు ముట్టుకోలేదు.

దయచేసి గురువారం లోపల ఆయనకి ఒక్క మాట రాయండి. తప్పు ఎవరిదైనా ఉంటే అది ఇంట్లోవాళ్ళది. అటక మీంచి నా పెట్టె దించుకున్నాను. బట్టలు సర్దుతున్నాను. నన్ను కొన్నాళ్ళు ఉండనిస్తారా అని మదర్‌కి రాశాను.

ఊనా


ఎడిన్‌బరో
25 ఆగస్టు

తల్లీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పెట్టె సర్దుకోవడం ఏమిటి? నేను ఎవర్ని పొమ్మన్నాను?

నా ఉత్తరం నకలు నా దగ్గర లేదు. ఏం రాశానో గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది. "జెండా మీద చెయ్యి వేసిందెవరు" అన్నాను కదూ? నేనన్నది ఎగరేసినవాళ్ళని. దించినవాళ్ళని కాదు. దించినవాడికి నా బీరువాలో అడుగున ఉన్న సీసా ఇవ్వాలి, మా నాన్న దాచింది. నేను ఊళ్ళో లేనప్పుడు ఎగిరిన జెండాని మొదట చూసినవాడే దించాలి. లోయంతా చూసి ఏడుస్తూ నిలబడింది. ఒక్కడు దించాడు. అతనెవరో నాకింకా ఎవరూ చెప్పలేదు.

ఇక ఎగరేసింది ఎవరంటే, నేనే. పెట్టె తాళం ఇమ్మన్నది గిన్నెల కోసం. అందులో జెండా ఉంటుందని నాకు తట్టనే లేదు. నువ్వు మొదటి ఉత్తరంలో శుభ్రంగా అడిగావు. చదివాను. ఆ రోజు నొప్పి ఎక్కువగా ఉండి జవాబు రాయడం మరిచాను. నువ్వేమో జెండా కూడా నేనే ఇచ్చాననుకున్నావు. జెండా ఇచ్చానంటే పెద్దరికం ఇచ్చేశానని నీ లెక్క. నీ లెక్కలోనూ తప్పు లేదు. టోర్కిల్‌కి విడిగా రాశాను. లూడోవిక్‌కి ఇంకా విడిగా రాశాను.

ఇంకొకటి. "కాన్వెంట్ సంగతి మీ ఇష్టం" అన్నావు. వెళ్ళాలని ఉంది, పంపండి అంటున్నావనుకున్నాను. ఇప్పుడు నాకు ఏదీ తెలియడం లేదు. మనిద్దరం ఒకే ఇంట్లో పదేళ్ళు ఎదురెదురుగా కూర్చుని గంజి తాగాం. నీకు పెద్దరికం కావాలా అని నేనెప్పుడూ అడగలేదు. భయపడతావనుకున్నాను. నువ్వు కాదంటావేమోనని నాకే భయం, అది నిజం.

ఇప్పుడు అడుగుతున్నాను. గురువారం పొద్దుటి టపాలో జవాబు రావాలి. రాకపోతే లూడోవిక్ పేరు రాసి సంతకం పెడతాను. పేరు ఖాళీగా ఉంచి కత్తి కిందికి వెళ్ళలేను. టెలిగ్రాం ఇవ్వకు, ఎఫీ చెల్లెలు లోయంతా చాటిస్తుంది. అవునో కాదో, ఏదో ఒకటి రాయి. ఏదైనా నాకు సమ్మతమే. పాలగదిలోంచి మాత్రం రాయకు.

నాన్న


కిన్‌లారిగ్ హౌస్
26 ఆగస్టు

నాన్నగారికి,

అవును.

చివర్లో రాద్దామనుకుంటే అక్కడిదాకా ధైర్యం నిలవదేమోనని ముందే రాశాను. నాకు కావాలి. చిన్నప్పట్నుంచీ కావాలి. రాయి మీద నిలబడాలంటే భయం. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండవని మీరు అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

నాకు పిలుపు లేదు. కాన్వెంట్‌లో నిశ్శబ్దం నాకిష్టం. మదర్‌కి అది పిలుపులా కనిపించింది. ఆవిడకి ఈరోజు క్షమాపణ రాశాను.

జెండా దించింది నేను.

ఎగరేయడం మీ ఆజ్ఞ అనుకుంటూనే దించాను. అందుకే రాయలేకపోయాను. మీ మాట కాదని మీ జెండా దించిన కూతుర్ని మీ కప్పు కింద ఉండనివ్వరు అనుకున్నాను. మీరు నిజంగానే ఇమ్మన్నా, మళ్ళీ అలాగే జరిగితే మళ్ళీ దించుతాను. ఆ సంగతి మీరు సంతకం పెట్టే ముందు తెలుసుకోవాలి.

గేటు దగ్గర ఆ పాట రెండో చరణం మొదలవగానే నేను కప్పు మీదికి వెళ్ళాను. అన్నయ్య నా వెనకే వచ్చాడు.

"ఊనా, తాళం ఇమ్మన్నది మీ నాన్నగారే కదా?"

"అవును."

"మరి ఎవరి మాట మీద దించుతున్నావు?"

నేను కొయ్య దగ్గరికి వెళ్ళాను. తాడు తడిసి ముడి బిగుసుకుపోయింది. చేతులు ఒరుసుకుపోయాయి. అన్నయ్య చూస్తూ నిలబడి, చివరికి, "ఆ ముడి అలా రాదు, ఇటివ్వు" అని తనే విప్పాడు. అది ఆయన మీకు రాసి ఉండడు. నేను లాగాను. కింద ఏడుస్తున్న జనాన్ని ఆయన పైనుంచి చూశాడు. తనవల్ల ఏం జరిగిందో ఆయనకి అప్పుడే తెలిసింది. అందరి ముందూ పరువు పోయిందన్న మాట నిజం. టోర్కిల్ పేరు ఎందుకు రాశాడంటే, నా పేరు రాయడం ఇష్టంలేక. ఈ పొద్దున తనే చెప్పాడు. "నిన్ను ఇరికించలేకపోయాను. ముసలాణ్ణయితే పెద్దాయన ఏమీ అనడనుకున్నాను" అన్నాడు. మీ ఉత్తరం చూశాక టోర్కిల్ దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ టీ తాగి వచ్చాడు.

జెండా మడిచి చంకలో పెట్టుకుని కిందికి వచ్చాను. జెండా దిగేసరికి జనం ఇంకా గాభరా పడ్డారు. కొత్తాయన కూడా పోయాడా అని ఎవరో అంటున్నారు. ఎవరో ఒకరు చెప్పాలి. గుమ్మంలో నేనే ఉన్నాను. రాయి ఎక్కాను. మొదటిసారి గొంతు రాలేదు.

వెనక నుంచి ఒకాయన, "వినపడ్డం లేదమ్మా, కాస్త నోరు తెరువు!" అన్నాడు.

"మాక్‌టోరిన్ బతికే ఉన్నాడు!" అని అరిచాను. "ఎడిన్‌బరోలో గంజి తాగుతున్నాడు! గంజిలో చక్కెర వేస్తున్నారని తిడుతున్నాడు!"

సరస్సు ఒడ్డు నుంచి వచ్చిన ముసలి బెహాగ్, "అయితే నా కోడిపెట్ట సంగతేంటి? దినానికని కోసేశాను!" అంది. అప్పుడు నవ్వారు. ఏడ్చినవాళ్ళే ఎక్కువ నవ్వారు. ఆ కోడిని సభ భోజనంలో అందరం తిన్నాం. గట్టిగా ఉంది.

నా పెట్టె మళ్ళీ అటక ఎక్కింది. ఎఫీ గడియారం తిప్పింది, ఇవాళ నా రొట్టె మాడలేదు. సీసా ముట్టుకోలేదు, మీరు వచ్చాకే. శుక్రవారం ఫాదర్ కోల్ మీ కోసం పూజ చేస్తారు. ఈసారి సరైన పూజే. కొయ్య బోడిగా ఉంది, కాకి మళ్ళీ వచ్చింది. వచ్చి మీ చేత్తో ఎగరేయండి.

టపా బండి గేటు దగ్గర కాచుకుని ఉంది.

మీ
ఊనా

తా.క. నేను రాయి ఎక్కేసరికి వాన పెద్దదైంది. టోర్కిల్ బ్యాగ్‌పైపు చంకలోకి తోసి టోపీ తీశాడు. ఆయన్ని చూసి అందరూ తీశారు. నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేదాకా ఎవరూ మళ్ళీ పెట్టుకోలేదు.